తేనె చెట్టుకు లెక్కేది?

మన డెల్టాలో లెక్కకు అందనిది ఏముంది? ఏ కాల్వ కింద ఎన్ని ఎకరాల ఆయకట్టో లష్కరు నోటి మీద చెబుతాడు. ఊళ్ళో గేదెలెన్ని, మేకలెన్ని, నాటుకోళ్ళెన్ని అన్నది పశుగణన వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి రాసుకుపోతారు. పంచాయతీ చింతచెట్లకు వేలం పాట పెడితే ఏ చెట్టు ఎంత కాస్తుందో పాటదారుకు కంఠతా ఉంటుంది. కానీ అదే చింతచెట్టు తొర్రలో ఏళ్ళ తరబడి తేనెటీగలు కాపురం ఉంటున్న సంగతి మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. చెట్టు కూలిన రోజున, రంపం తొర్రలోకి దిగి ఈగలు లేచిన రోజున అది బయటపడుతుంది. అప్పటికి చెయ్యగలిగింది ఏమీ మిగలదు. తేనె పంచుకుంటారు, పిల్ల పురుగులున్న పెరలు దుమ్ములో పారేస్తారు. అంతటితో ఆ కథ సరి.

తేనెటీగలు తగ్గిపోతున్నాయని అందరం బాధపడుతున్నాం. సభలు జరుగుతున్నాయి, పెట్టెలకు సబ్సిడీలు ఇస్తున్నారు. మంచిదే. కానీ మన ఊరి ఈగ ఏ చెట్టు మీద ఉంటుందో తెలుసుకోకుండా ఈగను కాపాడతామనటం, చెరువు ఎక్కడుందో తెలియకుండా నీళ్ళు కాపాడతామన్నట్టే ఉంటుంది. ముందు చెట్టును గుర్తుపట్టాలి. గుర్తుపట్టిన చెట్టును పంచాయతీ పుస్తకంలోకి ఎక్కించాలి. ఈ వ్యాసం సారాంశం ఇదే. దీనికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. కళ్ళు, కాస్త ఓపిక, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

ఏ ఈగది ఏ ఇల్లు?

చెట్టును వెతకాలంటే ముందు ఈగను తెలుసుకోవాలి. మన పక్క అడవి తేనెటీగలు నాలుగు తీరులు.

మొదటిది పెద్ద తేనెటీగ. కొండ తేనెటీగ అని కూడా అంటారు. ఇది తొర్రల్లో దూరదు. ఎత్తయిన చెట్టు మీద లావుపాటి కొమ్మ అడుగున ఒకే ఒక్క పెర పెడుతుంది. బాగా పెరిగిన పెర మూడు నాలుగు అడుగుల వెడల్పు కూడా ఉంటుంది. పైన ఈగలు తెర కట్టినట్టు కప్పి ఉంటాయి. కందిరీగ దగ్గరకొస్తే ఆ తెర మీద అల లేచినట్టు కదులుతుంది. మర్రి, రావి, జువ్వి, బూరుగ, నిద్రగన్నేరు లాంటి మహావృక్షాలు దీనికి ఇష్టం. చెట్టు దొరక్కపోతే మంచినీళ్ళ ట్యాంకు కిందా, అపార్ట్‌మెంటు సజ్జా కిందా, వంతెన కిందా పడుతుంది. బెజవాడలో పెద్ద భవనాలకు పట్టులు వేలాడటం చూసి ‘ఈగలు ఊళ్ళోకి వచ్చేశాయి’ అంటాం గానీ, ఊరే చెట్లను మింగి వాటి దగ్గరకు వెళ్ళింది.

రెండోది పుట్ట తేనెటీగ. మన నాటు జాతి. చీకటి కావాలి దీనికి. చెట్టు తొర్ర, చెదపుట్ట, పాత గోడ సందు, రాళ్ళ మధ్య బొరియ దీని ఇళ్ళు. లోపల పక్కపక్కన ఏడెనిమిది పెరలు వరసగా పెడుతుంది. ముసలి చింత, నేరేడు, వేప, మామిడి, తల పోయిన తాటి మోడు... తొర్ర ఉంటే ఏ చెట్టయినా సరే. పెట్టెలో పెంచటానికి లొంగే నాటు ఈగ ఇది.

మూడోది చిన్న తేనెటీగ. కంచె మీదా, నిమ్మ చెట్టులో, గోరింట పొదలో, సీమ తుమ్మ కొమ్మకూ అరచేతి పాటి పట్టు పెడుతుంది. పట్టుకు రెండు వైపులా కొమ్మకు జిగురు పూస్తుంది, చీమలు ఎక్కకుండా. మన ఇళ్ళలో డబ్బా కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టినట్టే.

నాలుగోది కుట్టని ఈగ. చీమంత ఉంటుంది. గోడ పగుళ్ళలో, చెట్టు బొరియల్లో ఉండి గుమ్మం దగ్గర మైనం, బంకా కలిపి చిన్న గొట్టం కడుతుంది. ఆ గొట్టం చూస్తే చాలు, ఇక అనుమానం అక్కర్లేదు.

పెట్టెల్లో తిప్పే ఇటలీ ఈగ వీటిలో చేరదు. అది 1960లలో హిమాచల్, పంజాబు వైపు తెచ్చి స్థిరపరచిన జాతి. మన చెట్ల మీద బతికే ఈగ అది కాదు.

చెట్టు చెప్పే గుర్తులు

పెద్ద ఈగ పట్టు కనబడుతూనే ఉంటుంది, అందులో వింత లేదు. అసలు తెలివంతా ఈగ లేనప్పుడు చెట్టును గుర్తుపట్టటంలో ఉంది. ఈ ఈగ ఏడాది పొడుగునా ఒకచోట ఉండదు. పూత ఉన్న రోజుల్లో వస్తుంది, పూత తగ్గితే గుంపంతా లేచి మైళ్ళకు మైళ్ళు వలసపోతుంది. మళ్ళీ కాలం వచ్చేసరికి ఆ చెట్టుకే, చాలాసార్లు ఆ కొమ్మకే వస్తుంది. చుట్టూ అలాంటి చెట్లు పది ఉన్నా వాటిని చూడదు. అందుకే ఒక్కో చెట్టు మీద పదులకొద్దీ పట్టులు వేలాడుతుంటే పక్క చెట్టు బోసిగా ఉంటుంది. కర్ణాటకలో బెంగళూరుకు దగ్గర రామగోవిందపురం అనే ఊళ్ళో మర్రిచెట్టు మీద వందలకొద్దీ పట్టులు పడతాయి. శాస్త్రవేత్తలు దేశాలు దాటి వచ్చి దాన్ని చూసిపోయారు.

వలస వెళ్ళిన రోజుల్లో ఆ చెట్టు కిందికి వెళ్ళి కొమ్మల అడుగు భాగం చూడండి. పెర ఊడిపోయిన చోట నల్లగానో గోధుమ రంగులోనో పొడుగాటి మైనపు మచ్చ ఉంటుంది. కొన్నిచోట్ల ఎండిపోయిన పెర ముక్క ఇంకా వేలాడుతూనే ఉంటుంది. మచ్చలు లెక్కపెడితే పట్టులు ఎన్ని పడ్డాయో అంచనా దొరుకుతుంది. నరికేవాడికి అది ఖాళీ చెట్టు. తెలిసినవాడికి మాత్రం అది తాళం వేసిన ఇల్లు.

ఇంకో గుర్తు పసుపు చుక్కలు. పట్టున్న చెట్టు చుట్టుపక్కల అరటాకుల మీద, ఆరేసిన పంచెల మీద, స్కూటరు సీటు మీద ఆవగింజంత పసుపు చుక్కలు పడుతుంటాయి. అవి పెద్ద ఈగల రెట్టలు. గుంపుగా లేచి ఒకేసారి విసర్జించి పోవటం వాటి అలవాటు. దీని వెనక పెద్ద కథే ఉంది. ఆగ్నేయాసియాలో పల్లెల మీద ‘పసుపు వాన’ కురుస్తోందనీ, అది విషాయుధమనీ 1981లో అమెరికా ప్రభుత్వం సోవియట్ యూనియన్ మీద ఆరోపణ చేసింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల నిపుణుడు థామస్ సీలీ మొదలైనవాళ్ళు ఆ మచ్చల్ని పరీక్షించి, అందులో ఉన్నది పుప్పొడనీ, అవి అడవి తేనెటీగల రెట్టలనీ చెప్పారు. రెండు అగ్రరాజ్యాలు తగవులాడుకున్న విషయం మన పల్లెలో పంచె ఉతికే మనిషికి తెలిసిందే!

పుట్ట ఈగ విషయం వేరు. అది దాక్కుని ఉంటుంది. తొర్ర ఉన్న ప్రతి చెట్టునూ పొద్దున ఎనిమిది నుంచి పది లోపు ఒకసారి చూడాలి. ఎండ పక్క నుంచి పడేటప్పుడు చెట్టు నీడలో నిలబడి వెలుతురు వైపు చూస్తే ఈగల రెక్కలు తళుక్కుమంటూ దారి కనబడుతుంది. తొర్ర మూతి చూడండి. ఈగలు తిరిగే గుమ్మం అంచు ఇంటి గడప అరిగినట్టు నున్నగా, మెరుపుగా, కాస్త నల్లబడి ఉంటుంది. సాలెగూడు ఉంటే అక్కడ కాపురం లేనట్టే. లోపలికి వెళ్ళే ఈగ కాళ్ళకు పసుపో నారింజ రంగో పుప్పొడి ముద్దలుంటే లోపల పిల్లలున్నాయి, తుట్టె బాగుందన్నమాట. పుప్పొడి లేకుండా ఊరికే దూరి వచ్చేవే ఉంటే అవి పాత పెరల్లో తేనె దోచుకునేవో, కొత్త ఇల్లు చూసుకునేవో కావచ్చు. నాలుగు రోజులాగి మళ్ళీ చూడాలి. ఎండాకాలం మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి రెక్కలు విసిరే ఈగలు కనబడతాయి. లోపల వేడెక్కకుండా విసనకర్ర పని అది.

ఒక్క జాగ్రత్త. తొర్రలో ఉన్నదల్లా తేనెటీగే అనుకోకండి. కందిరీగలూ తొర్రల్లో ఉంటాయి. కందిరీగకు నడుము సన్నం, ఒంటి మీద నూగు ఉండదు, కాళ్ళకు పుప్పొడి ముద్దలుండవు.

ఈగ వెంట పోతే చెట్టు

తొర్ర కనబడకపోతే ఎలా? ఈగే దారి చూపిస్తుంది. పొట్ట నిండిన ఈగ ఇంటికి వంకరటింకరగా పోదు. ఒకటి రెండు చుట్లు తిరిగి ఎత్తు తీసుకుని, తిన్నగా తుట్టె వైపు పోతుంది. ఎండాకాలంలో బోదె పక్కన తడి మట్టి మీద, చేతిపంపు కాలువ దగ్గర, గేదెల తొట్టి అంచున నీళ్ళు తాగే ఈగలుంటాయి. అవి లేచి ఏ దిక్కుకు పోతున్నాయో చూసి గుర్తు పెట్టుకోండి. నూరు నూటయాభై గజాలు పక్కకు జరిగి ఇంకో చోట నుంచి అదే పని చెయ్యండి. రెండు గీతలు కలిసే చోట చెట్టు ఉంటుంది.

ఇంకా రూఢిగా తెలియాలంటే పళ్ళెంలో పంచదార పానకం పోసి పూల దగ్గర పెడతారు. తాగుతున్న ఈగ వీపు మీద పుల్లతో రంగు చుక్క అద్ది, మళ్ళీ అది ఎంతసేపటికి వస్తుందో గడియారం చూస్తారు. తొందరగా వస్తే చెట్టు దగ్గర, ఆలస్యమైతే దూరం. ఇది పరదేశాల్లోనూ పాత విద్యే. సీలీ 2016లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఈగలు తుట్టెలో నాట్యం చేసి మేత దిక్కూ దూరమూ తోటి ఈగలకు చెబుతాయని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన దగ్గర ఈ విద్య ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు. తేనె దించే యానాదులు, ఎరుకలవాళ్ళు. ఏ డొంకలో ఏ చెట్టుకు ఏ నెలలో పట్టు పడుతుందో వాళ్ళకు తెలిసినట్టు అధికారులకూ తెలియదు, మనకూ తెలియదు. నాగాయలంక, కోడూరు వైపు మడ అడవుల్లో తిల్ల చెట్టు పూతకు తేనె దించే కుటుంబాలున్నాయి. మనం వాళ్ళను పిలిచేది పట్టు తగలబెట్టించటానికి. లెక్క రాయించటానికి పిలవం.

వరి రైతుకు దీంతో పనేమిటి?

ఈ ప్రశ్న న్యాయమైనదే. వరికి తేనెటీగతో పని లేదు. అది తనంత తానే ఫలిస్తుంది. మాగాణి మినుము కూడా అంతే. లేని లాభాన్ని ఉందని చెప్పి రైతును మభ్యపెట్టటం మంచిది కాదు.

కానీ డెల్టా అంటే వరి ఒక్కటేనా? లంక భూముల్లో దోస, పుచ్చ, గుమ్మడి, కాకర పెట్టినవాళ్ళను అడగండి. ఈ పంటల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ వాలకపోతే పిందె పసుపు తిరిగి రాలుతుంది, నిలిచినా వంకర తిరుగుతుంది. పొద్దుతిరుగుడులో ఈగ తగ్గితే పువ్వు నడిమిన తాలు గింజలు ఎక్కువ. నువ్వుకు, ధనియాలకు ఈగ తోడుంటే కాపు మెరుగు. నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం మామిడి తోటల్లో మామూలు ఈగలతో పాటు తేనెటీగలూ పూత మీద పని చేస్తాయి. కొబ్బరికీ అంతే. పెద్ద ఈగ ఇంకో వింత చేస్తుంది, వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో కూడా మేతకు పోతుంది. కూలి ఇవ్వక్కర్లేని పనిమనిషి రాత్రి షిఫ్టు కూడా చేస్తుంటే ఆ మనిషి ఉండే ఇల్లు పడగొట్టటం ఏం తెలివి?

పంట లేని రోజుల్లో ఆ ఈగను బతికించేవీ చెట్లే. బూరుగ, నేరేడు, వేప, కానుగ, చింత, రేగు, కుంకుడు... ఒకటి పూత ముగించేసరికి ఇంకోటి అందుకుంటుంది. గట్ల మీద ఈ చెట్లు పోతే, మన చేలో పూత వచ్చే ఇరవై రోజుల కోసం ఈగ మిగిలిన పదకొండు నెలలూ పస్తులుండదు గదా.

తొర్ర పడిందని కొట్టేస్తున్నాం

చెట్లు ఎక్కడికి పోయాయి? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో మనుషులతో పాటు మహావృక్షాలనూ తీసుకుపోయింది. అది దైవికం. ఆ తరువాత పోయినవి మన చేతుల మీదుగా పోయాయి. రహదారుల విస్తరణకు నిద్రగన్నేర్లు, మర్రులు పోయాయి. వరి మళ్ళు చేపల చెరువులైన చోట గట్ల మీది తుమ్మలు, తాళ్ళు పోయాయి. కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు పోయాయి.

అన్నిటికన్నా బాధ పెట్టేది ఇంకోటి. ఊళ్ళో ఏ చెట్టు కొట్టాలన్నా ముందు వేలు చూపించేది తొర్ర పడ్డ ముసలి చెట్టు వైపే. ‘కాపు తగ్గింది, లోపల డొల్ల, రేపో మాపో పడుతుంది’ అంటారు. కలపగా చూస్తే నిజమే, దానికి విలువ లేదు. కానీ పుట్ట ఈగకు పనికొచ్చేది ఆ డొల్లే. గట్టి చెట్టులో దానికి చోటు లేదు. ఒక చింతచెట్టు తొర్ర పడటానికి దశాబ్దాలు పడుతుంది. దాని బదులు రెండు మొక్కలు నాటాం అంటే లెక్క సరిపోదు. ఆ మొక్కల్లో ఈగ కాపురం పెట్టటం మన మనవలు చూడాలి.

నాటే మొక్కలూ అలాగే ఉన్నాయి. నందిగామ పక్క కాగితం మిల్లుల కోసం వేసే జామాయిల్, సుబాబుల్ నాలుగైదేళ్ళకు నరుకుడుకొస్తాయి. జామాయిల్ పూతలో ఈగకు మేత దొరుకుతుంది గానీ ఇల్లు దొరకదు. సముద్రం పక్క సరుగుడులో మేతకు తేనె కూడా ఉండదు. వీటిని వేయొద్దని ఎవరూ అనరు, రైతు బతుకు అది. కానీ కాల్వ గట్టు, చెరువు గట్టు, గుడి ఆవరణ, స్మశానం, డొంక పోరంబోకు ఎవరి సొంత పంటా కాదు. ముసలి చెట్లు మిగిలింది ఆ చోట్లలోనే. అవైనా నిలబడాలి.

కుడతాయి గదా!

కుడతాయి. పెద్ద ఈగ గుంపుగా పడితే ప్రాణం మీదికి వస్తుంది. బడి ఆవరణలో పట్టు ఉంటే హెడ్మాస్టరు భయపడటంలో తప్పు లేదు. చెట్టును కాపాడాలనేవాళ్ళు ఈ భయాన్ని తేలిగ్గా తీసేస్తే వాళ్ళ మాట ఎవరూ వినరు.

అయితే ఈగలు లేచిన సంఘటనలు చూడండి. ఎవరో రాయి విసురుతారు, చెట్టు కింద పొయ్యి పెడతారు, పెళ్ళి ఊరేగింపులో టపాకాయలు కాలుస్తారు, లేదా గద్ద పట్టును తన్నుతుంది. గద్ద సంగతి వదిలేస్తే మిగిలినవన్నీ ఆపగలిగినవే. ‘ఈ చెట్టు మీద తేనెపట్టులున్నాయి, కింద మంట, టపాకాయలు వద్దు’ అని ఒక రేకు బోర్డు పెడితే సగం ప్రమాదం తప్పుతుంది. బోర్డు పెట్టాలంటే ముందు చెట్టు ఏదో తెలియాలి. అంటే లెక్క ఈగ కోసమే కాదు, మనుషుల కోసం కూడా.

ఈగలు లేస్తే నిలబడి చేతులు విసరకూడదు. ముఖం కప్పుకుని తిన్నగా పరుగెత్తి తలుపులు మూసే గదిలోకి వెళ్ళాలి. కాల్వలో దూకితే పైన కాచుకుని ఉంటాయి. ఒంట్లో దిగిన ముల్లును గోటితో గీకి వెంటనే తీసెయ్యాలి, ఊడిన ముల్లు కూడా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. ఎక్కువ కాట్లు పడినా, ఊపిరాడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

బడికో ఆస్పత్రికో మరీ దగ్గరుంటే రాత్రిపూట కిరసనాయిలు కాగడాతో కాల్చటం మాత్రం మందు కాదు. అది వేల ఈగల్ని చంపుతుంది, చెట్టు కొమ్మను చంపుతుంది, ఒక్కోసారి ఎక్కినవాడినీ చంపుతుంది. తెలిసిన మనిషి చేత పొగ పట్టించి లేపించాలి. పుట్ట ఈగ అయితే పెట్టెలోకి మార్చుకోవచ్చు కూడా.

పెట్టెలు చాలవా?

‘పెట్టెలు ఇస్తున్నారు గదా, చెట్ల గొడవ ఎందుకు’ అనేవాళ్ళున్నారు. ఖాదీ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టింది. 2020లో కేంద్రం తేనెటీగల మిషన్‌కు 500 కోట్ల రూపాయలు ప్రకటించింది. పెట్టెల పెంపకం చేసుకునేవాళ్ళకు ఇది ఆసరా. కాదనం.

కానీ 1991, 92 సంవత్సరాల్లో ఏం జరిగిందో మరిచిపోకూడదు. థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు కేరళలో కనబడి దక్షిణాదిని చుట్టేసింది. పిల్ల పురుగు నీళ్ళు నిండిన సంచిలా ఉబ్బి పెరలోనే చచ్చిపోతుంది. నాటు ఈగల పెట్టెలు నూటికి తొంభై దాకా ఖాళీ అయిన జిల్లాలున్నాయి. తెగులుకు తట్టుకుని మిగిలిన కొద్ది తుట్టెల నుంచే జాతి మళ్ళీ పుంజుకుంది. పెట్టెలో ఈగకు జబ్బొస్తే కొత్త ఈగ ఎక్కడ నుంచి వస్తుంది? తొర్ర నుంచే రావాలి. నాటు ఈగకు ఊరి ముసలి చెట్లే నారుమడి. నారుమడి దున్నేసి నాట్లు వేస్తామంటే ఎట్లా?

పైగా పెద్ద ఈగ, చిన్న ఈగ పెట్టెకు లొంగవు. కోటి రూపాయలు పోసినా పెద్ద ఈగను పెట్టెలో పెట్టలేం. దానికి చెట్టే దిక్కు.

ఏం చెయ్యాలి?

కొత్త చట్టం అక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేమా పురుగూ పుట్రా రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2020 నాటికి అన్నిచోట్లా పూర్తి కావాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. మీ పంచాయతీకి వెళ్ళి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. అందులో తేనె చెట్లకు ఒక పేజీ ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి. చెట్టు పేరు, ఉన్న చోటు, స్థలం ఎవరిది, ఏ ఈగ, ఎన్ని పట్టులు, ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోయాయి... ఇంతే. రాసేటప్పుడు తేనె దించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనకు రోజు కూలి ఇవ్వండి. ఊరికే చెప్పించుకోవటం న్యాయం కాదు.

రెండు. మన రాష్ట్రంలో వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ దరఖాస్తు వచ్చినప్పుడు ఈ పేజీ తిరగెయ్యాలి. జాబితాలో ఉన్న చెట్టయితే ఊరికే సంతకం పెట్టకూడదు. రోడ్డుకు తప్పనిసరి అయితే పెద్ద ఈగ వలస పోయాకే కొట్టాలి. పుట్ట ఈగ ఉంటే ముందు పెట్టెలోకి మార్చాలి, లేదా తొర్ర ఉన్న మొద్దును ఉన్నపళంగా కోసి నీడలో నిలబెట్టాలి. కరెంటు వాళ్ళు కొమ్మలు కొట్టే పనికీ ఇదే వరస.

మూడు. చింతచెట్ల వేలం పాట షరతుల్లో ఒక్క వాక్యం చేర్చాలి: తొర్రలో తుట్టె ఉంటే పొగబెట్టి చంపరాదు అని. పైసా ఖర్చు లేదు.

నాలుగు. తేనె దించేటప్పుడు పట్టు మొత్తం కోసెయ్యకండి. పెద్ద ఈగ పట్టులో తేనె పైన ఒక పక్కకు ఉంటుంది, పిల్లలు కింద ఉంటాయి. తేనె ముక్క మాత్రం కోసి పిల్లల భాగం వదిలేస్తే ఈగలు చెట్టు వదలవు, మళ్ళీ తేనె పెడతాయి. చేత్తో పిండితే పిల్లల రసం కలిసి తేనె పులుస్తుంది. కోసి వడగట్టిన తేనెకే ధర. సుందరవనాల తేనెకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన మడ అడవుల తేనెకు ఆ పేరు రాకూడదని ఎక్కడుంది? ముందు మన చెట్లు మనకు తెలియాలి.

అయిదు. మందు కొట్టే రైతుకు ఒక మాట. మామిడిలో తేనెమంచు పురుగుకు కొట్టాల్సి వస్తే పూమొగ్గ విచ్చకముందే కొట్టండి. పూత విచ్చాక ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సమ్ లాంటివి ఈగలకు నేరుగా విషం. ఐరోపా దేశాలు 2018లో వీటిని ఆరుబయట పంటల మీద నిషేధించాయి. తప్పనిసరిగా ఏ మందు కొట్టాల్సి వచ్చినా సాయంత్రం, ఈగలు ఇల్లు చేరాక కొట్టండి. చేనుకు మైలు లోపల తేనె చెట్టు ఉందని తెలిసిన రైతు చెయ్యి కాస్త ఆగుతుంది. తెలియని రైతును తప్పుపట్టి లాభం లేదు.

ఇవన్నీ పెద్ద పనులు కావు. ఒక ఊరికి నాలుగు ఆదివారాల పని. పెద్ద బడి పిల్లలు దూరం నుంచి చూసి రాయగలరు, పంచాయతీ కార్యదర్శి పుస్తకంలో ఎక్కించగలడు. ఊళ్ళో పది తేనె చెట్లు తేలవచ్చు, రెండే తేలవచ్చు. రెండే అయితే ఆ రెండూ ఇంకా విలువైనవి.

ఈసారి గ్రామసభలో రోడ్లు, కాల్వ పూడిక, పింఛన్ల సంగతులు అయ్యాక ఎవరో ఒకరు లేచి ‘మన ఊళ్ళో తేనె చెట్లు ఎన్ని?’ అని అడగండి. కొందరు నవ్వుతారు. నవ్వినవాళ్ళలో ఒకాయన ‘మా దొడ్డి వెనక నేరేడు తొర్రలో ఉన్నాయండోయ్’ అని కూడా అంటాడు. రిజిస్టరులో మొదటి వరస అక్కడ మొదలుపెట్టండి.